ఏ పుస్తకం కొనమంటారు మాస్టారూ?

మొన్న సంక్రాంతి సెలవులలో మా పొందూరులో, మా వీధి చివరి ఇంటి కుర్రవాడొకడు ఒక కాగితం పట్టుకొని వచ్చాడు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదువుతున్నాడు. కాగితం నిండా పుస్తకాల పేర్లు. కొన్ని ఇంజనీరింగ్ డ్రాయింగువి, కొన్ని కంప్యూటరు మీద బొమ్మలు గీసే క్యాడ్ విద్యవి, తక్కినవి ఎలక్ట్రానిక్స్‌వి.

"మాస్టారూ, వీటిలో ఏటి కొనమంటారు? అన్నీ కొనాలంటే మా నాన్న వల్ల కాదు" అన్నాడు.

నేను తెలుగు పండితుణ్ణి. బాలవ్యాకరణం సూత్రాలు అడిగితే నిద్రలో లేపినా చెప్పగలను గాని, ట్రాన్సిస్టరు సంగతి నాకేమి తెలుసు? మరొకప్పుడైతే "నాయనా, మీ లెక్చరరుగారిని అడుగు" అని పంపివేసి ఉందును. కాని అలా పంపలేకపోయాను. ఎందుకంటే ఇదే ప్రశ్న 1989లో ఇంకొక కుర్రవాడు నన్ను అడిగాడు. ఆనాడు నేను చాలా ఉత్సాహంగా జవాబు చెప్పాను. ఆ జవాబు అతనికి మేలు చేయలేదు.

అతడు నేత ఇంటి పిల్లవాడు. తల్లి రాట్నం వడికేది, తండ్రికి గుంట మగ్గం. పదవ తరగతిలో మా బడికి మొదటివాడు. పాలిటెక్నిక్‌లో సీటు వచ్చింది. చదువంతా తెలుగులో సాగినవాడు. అక్కడ పాఠం ఇంగ్లీషులో. "మాస్టారూ, పుస్తకం అర్థం కావడం లేదు, ఏం చదవమంటారు?" అని వచ్చాడు. నేను రెండు రాత్రులు కూర్చొని నలభై పుటల నోటుపుస్తకం నింపి ఇచ్చాను. నిరోధము, ధారిత్వము, ప్రేరకత్వము, అర్ధవాహకము, ప్రత్యావర్తి విద్యుత్తు - ఒక్కొక్క ఇంగ్లీషు మాటకు ఒక్కొక్క సంస్కృతసమం. వ్యుత్పత్తులు కూడ రాశాను. ఎంత గర్వపడ్డానో! ఏ పుస్తకం చదవాలో మాత్రం చెప్పలేకపోయాను. ఎవరో సీనియరు చెప్పిన లావుపాటి గ్రంథం కొన్నాడట. రెండేళ్ళు గడిచేసరికి పేపర్లు మిగిలిపోయి, చదువు మాని, విశాఖపట్నంలో ఒక టీవీ మరమ్మతుల దుకాణంలో కుదిరాడు.

ఈ రెండవ కుర్రవాడు కాగితం పట్టుకొని నిలబడినప్పుడు నాకు ఆ నలభై పుటలు కళ్ళముందు మెదిలాయి. "నాలుగు రోజులాగి రా నాయనా" అన్నాను. ఆ నాలుగు రోజులలో తెలిసినవారిని అడిగి, పాతవి తిరగవేసి, మన తెలుగువారు సాంకేతిక విద్యకు పుస్తకాలు ఎలా వెతుక్కున్నారో కొంత కూడదీసుకొన్నాను. ఆ వృత్తాంతమే ఇది.

* * *

తెలుగులో శాస్త్రగ్రంథాల కోసం జరిగిన తొలి గట్టి ప్రయత్నాలలో విజ్ఞానచంద్రికా మండలిది పెద్ద చోటు. 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు, రావిచెట్టు రంగారావు ప్రభృతులు దానిని స్థాపించారు. చరిత్రలతోబాటు ప్రకృతిశాస్త్రాలు కూడ తెలుగులోకి రావాలన్నది వారి సంకల్పం. మాటలు లేకపోతే మాటలు కల్పించుకొన్నారు. సంస్కృతం అందుకు అక్షయపాత్ర. ఆ రోజులకు అది అవసరమే.

ఇంచుమించు అదే కాలంలో మా జిల్లా మనిషి ఒకరు వేరే దారి పట్టారు. శ్రీముఖలింగానికి దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులు. వాడుకభాషా ఉద్యమ నాయకులుగా ఆయన మనకందరికీ తెలుసు. అంతకుముందే ఆయన చేసిన పని ఒకటి ఉంది. కొండలలోని సవర పిల్లలకు చదువు చెప్పాలంటే వారి మాటలోనే చెప్పాలని తలచి, తాను సవరభాష నేర్చుకొని, ఆ భాషలో వాచకాలు రాశారు. ఆయన సవరభాషా వ్యాకరణం 1931లో మద్రాసులో అచ్చయింది. పుస్తకం చదివేవాడి నోటిలో ఏ మాట ఉందో ముందు వినాలి, తరువాత పుస్తకం రాయాలి - ఇదీ ఆయన పద్ధతి. నేను పండిత శిక్షణ పొందే రోజులలో గిడుగువారిని పరీక్షకోసం చదివాను. నలభై పుటల నోటుపుస్తకం రాసేటప్పుడు ఆయన గుర్తుకు రాలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ రెండు దారులూ వేరువేరుగానే సాగాయి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి పక్షాన భద్రిరాజు కృష్ణమూర్తిగారు మాండలిక వృత్తిపదకోశం తలపెట్టారు. వ్యవసాయపదాల సంపుటం 1962లో వచ్చింది. చేనేతపదాల సంపుటం 1971లో వచ్చింది. పడుగు, పేక, నాడె వంటి మాటలు జిల్లాకొక రూపంలో ఎలా పలుకుతారో నేతగాళ్ళనే అడిగి కూర్చిన నిఘంటువది. ఇంకొకవైపు 1968లో తెలుగు అకాడమి ఏర్పడింది, పి.వి. నరసింహారావుగారు తొలి అధ్యక్షులు. ఇంటర్మీడియట్, డిగ్రీ తరగతుల శాస్త్రపుస్తకాలూ పారిభాషిక పదకోశాలూ అక్కడినుండి వెలువడ్డాయి. ఎందరో పల్లెటూరి పిల్లలు ఆ పుస్తకాలతో భౌతిక రసాయనశాస్త్రాలు చదివి గట్టెక్కారు. ఆ సంస్థకు మనం ఋణపడి ఉన్నాం.

అయితే పనివాళ్ళ మాటలు ఒక నిఘంటువులో, శాస్త్రం మాటలు ఇంకొక పదకోశంలో ఉండిపోయాయి. ఇంజనీరింగు, పాలిటెక్నిక్ తరగతుల భాష ఇంగ్లీషుగా నిలిచిపోయింది. తెలుగులో చదివిన పిల్లవాడు ఆ గుమ్మం దగ్గరకు వచ్చేసరికి ఏ నిచ్చెనా లేదు. అప్పుడు అతనికి మిగిలిన దారి ఒక్కటే: ఉన్న ఇంగ్లీషు పుస్తకాలలో తనకు అందేదానిని ఎంచుకోవడం. ఆ ఎంపిక దగ్గరే ఎందరో తప్పిపోయారు.

* * *

ముందుగా డ్రాయింగు సంగతి. క్యాడ్ నేర్చుకోవాలంటే డ్రాయింగు రావాలని అందరూ అంటారు. ఎందుకో నాకూ ఈ నాలుగు రోజులలోనే తెలిసింది.

ఒక వస్తువును కాగితం మీద పెట్టాలంటే ముందునుండి, పైనుండి, పక్కనుండి చూసిన రూపాలు గీస్తారు. ఈ విద్యకు శాస్త్రరూపం ఇచ్చినవాడు ఫ్రెంచి గణితజ్ఞుడు గాస్పార్ మోంజ్. కోటల నిర్మాణానికి పనికివచ్చిన విద్య కనుక మొదట్లో దానిని సైనిక రహస్యంగా దాచారట. 18వ శతాబ్దం చివరి ఏళ్ళలో గాని పుస్తకంగా రాలేదు. దీనిలో రెండు సంప్రదాయాలున్నాయి. మన ఇంట్లో పీట ఉందనుకోండి. పైనుండి చూసిన రూపాన్ని, ముందునుండి చూసిన రూపానికి కింద గీస్తే అది మొదటి కోణ పద్ధతి. పైన గీస్తే మూడవ కోణ పద్ధతి. భారతీయ ప్రమాణాల సంస్థ పాఠశాలలకూ కళాశాలలకూ 1988లో వెలువరించిన ఎస్.పి. 46 గ్రంథం మొదటి కోణాన్ని అనుసరించింది. అమెరికా పుస్తకాలు సాధారణంగా మూడవ కోణంలో ఉంటాయి.

ఇది చిన్న విషయమే అనిపిస్తుంది. మా కుర్రవాడి కాగితంలో ఉన్న డ్రాయింగు పుస్తకాలలో ఒకటి అమెరికాది. దానిని చదివి పరీక్ష రాస్తే బొమ్మలన్నీ తలకిందులు! అంచేత మొదటి సూత్రం: డ్రాయింగు పుస్తకం కొనేముందు అది ఏ కోణంలో రాసిందో చూడాలి.

మన దేశంలో ఈ పనికి నిలబడిన పుస్తకం గుజరాతులోని ఆనంద్ నుండి చరోతర్ వారు 1958లో తొలిసారి ప్రచురించిన ఎన్.డి. భట్ గారి ఇంజనీరింగ్ డ్రాయింగ్. తరాలు మారినా విద్యార్థుల చేతుల్లో అదే కనిపిస్తుంది. మనవారిలో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి చెందిన కె.ఎల్. నారాయణ, పి. కన్నయ్యగార్ల పుస్తకం ఉంది. ఇవి ఇంగ్లీషు పుస్తకాలే, కాని మాటలు తక్కువ, బొమ్మలు ఎక్కువ. ఒక లెక్కకు ముందు ఏ గీత గీయాలి, తరువాత ఏది గీయాలి అని వరుసగా చెబుతాయి. తెలుగు మాధ్యమం పిల్లవాడికి ఆ వరుసే భాష.

ఇక క్యాడ్. 1963లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఇవాన్ సదర్లాండ్ స్కెచ్‌ప్యాడ్ అనే ప్రోగ్రాము రాశాడు. వెలుగు కలంతో తెరమీద గీత గీస్తే, ఆ రెండు గీతలూ సమాంతరంగా ఉండాలని చెబితే, యంత్రమే సరిచేసేది. 1982 చివరలో ఆటోక్యాడ్ బయటికి వచ్చింది. మామూలు కంప్యూటరు మీద నడిచింది కనుక చిన్న ఆఫీసులకూ ఆ విద్య అందింది. అక్కడినుండి ఏటేటా కొత్త రూపం. పుస్తకాల దుకాణాలలో ఫలానా సంవత్సరపు ఆటోక్యాడ్ అని అట్టమీద ఏడాది వేసుకొన్న గ్రంథాలు కనిపిస్తాయి. పంచాంగం లాగా ఏడాది తిరిగితే పాతబడతాయి. ఏ బొత్తాము ఎక్కడ ఉందో చెప్పే పుస్తకం త్వరగా ముసలిదవుతుంది. పీటను మూడు వైపులనుండి ఎలా చూడాలో చెప్పే పుస్తకం ముసలిది కాదు.

కనుక మా కుర్రవాడి కాగితం మీద ఉన్న మూడు క్యాడ్ పుస్తకాలనూ కొట్టివేయించాను. ఫ్రీక్యాడ్, లిబ్రెక్యాడ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వాటితోబాటు వాటి వివరణలూ ఉచితంగా దొరుకుతాయి. భట్ గారి పుస్తకంలోని లెక్క ముందు కాగితం మీద గీయమన్నాను. తరువాత అదే లెక్క తెరమీద గీయమన్నాను. రెండూ కలిస్తే విద్య వచ్చినట్టు.

* * *

ఎలక్ట్రానిక్స్ దగ్గర పుస్తకాల అడవి ఇంకా దట్టం. 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ పరిశోధనాలయంలో ట్రాన్సిస్టరు పుట్టింది. అంతవరకు రేడియో గొట్టాల మీద రాసిన పుస్తకాలన్నీ క్రమంగా అటకెక్కాయి. జేకబ్ మిల్‌మన్, క్రిస్టోస్ హల్కియాస్ కలిసి రాసిన ఎలక్ట్రానిక్ డివైసెస్ అండ్ సర్క్యూట్స్ 1967లో, ఇంటిగ్రేటెడ్ ఎలక్ట్రానిక్స్ 1972లో వచ్చాయి. మన ఇంజనీరింగు కళాశాలలలో అవి వేదంలాగా నడిచాయి. హోరోవిట్జ్, హిల్ రాసిన ఆర్ట్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్ 1980లో మొదటిసారి వచ్చి, మూడవ కూర్పు 2015లో వెలువడింది. అది చేతితో సర్క్యూటు కట్టేవాడికి నేస్తం. మన దేశంలో వి.కె. మెహతాగారి ప్రిన్సిపుల్స్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్ చిన్న వాక్యాలతో, సాధించి చూపిన లెక్కలతో డిప్లొమా పిల్లలకు అందుతుంది. బి.ఎల్. తెరాజాగారి విద్యుత్ గ్రంథం సంగతి చెప్పనక్కరలేదు.

ఇవన్నీ మంచి పుస్తకాలే. ఎవరికి మంచివి అన్నదే ప్రశ్న. 1989లో మా కుర్రవాడు కొన్న లావుపాటి గ్రంథం డిగ్రీవారికోసం రాసింది. అతనికి గణితం ఇంకా అంతదాకా రాలేదు. గొప్ప పుస్తకమని అందరూ అంటారు. తనకు అర్థం కావడం లేదు. కనుక లోపం తనదే అనుకొన్నాడు. పిల్లవాడి మనసు విరిచేది ఈ ఆలోచనే.

మా పొందూరు ఖద్దరు సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఇక్కడ పత్తిని శుభ్రపరచడానికి వాలుగ చేప దవడను వాడతారు. ఇనుప దువ్వెనలు లేక కాదు. ఆ చేప పళ్ళ సన్నదనం ఈ పత్తి పోగుకు సరిపోతుంది. పోగు తెగకుండా నలక ఊడివస్తుంది. మా అవ్వలు పత్తిని చూసి పనిముట్టు ఎంచుకొన్నారు. మేము పిల్లవాణ్ణి చూసి పుస్తకం ఎంచలేకపోయాము.

* * *

మూడవ రోజున ఆ పాత విద్యార్థికి ఫోను చేశాను. ఇప్పుడతనికి సొంత దుకాణం ఉంది. టీవీలు తగ్గి, ఇన్వర్టర్లూ ఎల్‌ఈడీ బోర్డులూ బాగుచేస్తున్నాడు. సంగతి చెప్పి, "అప్పుడు నువ్వు చివరికి ఏ పుస్తకంతో నేర్చుకొన్నావురా?" అని అడిగాను.

నవ్వాడు. "బస్టాండులో కొన్న తెలుగు రిపేరు పుస్తకం మాస్టారూ. అట్ట ఊడిపోయింది గాని ఇంకా ఉంది."

మరమ్మతులు నేర్పే అటువంటి చిన్న తెలుగు పుస్తకాలు మన బస్టాండులలో, పాతపుస్తకాల దుకాణాలలో చాలాకాలం అమ్ముడుపోయాయి. పండితులెవరూ వాటిని పుస్తకాలుగా లెక్కపెట్టలేదు, నేనూ లెక్కపెట్టలేదు. వాటిలో కాయిలు, కండెన్సరు, ట్రాన్సిస్టరు, సోల్డరింగు - అన్నీ తెలుగు లిపిలో, దుకాణంలో మనుషులు పలికినట్టే ఉండేవి. బొమ్మ ఉండేది; ఫలానా చోట మీటరు పెడితే ఇన్ని వోల్టులు రావాలి, రాకపోతే ఫలానాది పోయింది అని ఉండేది. 1967లో అయ్యగారి సాంబశివరావుగారి సారథ్యంలో హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. పుట్టి కంప్యూటర్లూ టీవీలూ తయారుచేసింది. 1980లలో టీవీ ఊరూరికీ పాకింది. ఆ టీవీలు పాడైనప్పుడు బాగుచేసినవారిలో ఇటువంటి పుస్తకాలతో నేర్చుకొన్నవారు ఎందరో.

నేను ఊరుకోలేక అడిగాను: "నేను రాసిచ్చిన నోటుపుస్తకం?"

కొంచెం ఆగాడు. "మాస్టారూ, మీ మాటలు తప్పని కాదండీ. ఆ మాటలు క్లాసులో ఎవరూ అనేవారు కాదు, షాపులో ఎవరూ అనేవారు కాదు. మీ దగ్గరా నా దగ్గరా తప్ప ఆ మాటలు ఇంకెక్కడా లేవు. ఒక ఇంగ్లీషు మాట నేర్చుకోవడానికి మధ్యలో ఇంకొక కొత్త మాట నేర్చుకోవలసి వచ్చింది."

నలభై ఏళ్ళు తెలుగు చెప్పినవాణ్ణి. గిడుగువారి వాదానికి ఇంతకంటె సూటి వ్యాఖ్యానం నేను ఏ గ్రంథంలోనూ చదవలేదు.

తరువాత అతడే అన్నాడు: "ఆ రిపేరు పుస్తకంతో చెయ్యి తిరిగింది గాని, ఎందుకలా అవుతుందో తెలియలేదండీ. అది తెలియాలంటే ఇంగ్లీషు పుస్తకం కావాలి. ఆ కుర్రాణ్ణి రెండూ చదవమనండి."

* * *

నాలుగవ రోజున కుర్రవాడు వచ్చాడు. జాబితాలో మోరిస్ మానో రాసిన డిజిటల్ డిజైన్ ఉంది. ఎవరో పాత ప్రతి ఇచ్చారట, వెంట తెచ్చాడు. కుతూహలం కొద్దీ తెరిచాను. మూడు నిలువు గడులు, ఎనిమిది అడ్డు వరుసలు; అన్నీ సున్నలూ ఒకట్లూ. దానిని సత్యపట్టిక అంటారట.

నాకు ఒళ్ళు పులకరించింది. అది మా ప్రస్తారం! మూడక్షరాల గణాలు ఎనిమిది. అన్నీ గురువులైన మ-గణంతో మొదలుపెట్టి య, ర, స, త, జ, భ అని నడిచి అన్నీ లఘువులైన న-గణంతో ముగుస్తుంది. గురువును సున్న అనుకొని, లఘువును ఒకటి అనుకొని, ఎడమవైపు అక్షరాన్ని ఒకట్ల స్థానంగా చదివితే వరుసగా 0 నుండి 7 దాకా వస్తాయి. రెండువేల ఏళ్ళకు పైబడిన పింగళుని ఛందశ్శాస్త్రంలో ఉన్న లెక్క ఇది. ఫలానా వరుసలో ఏ గణం ఉందో కనుక్కోవడం నష్టం. ఫలానా గణం ఎన్నవ వరుసలో ఉందో కనుక్కోవడం ఉద్దిష్టం. ఈనాడు ద్విసంఖ్యామానంలోకి మార్చడం, తిరిగి తేవడం అని చెబుతున్నది అదే.

పింగళుడు కంప్యూటరు కనిపెట్టాడని నేను అనబోవడం లేదు. అటువంటి మాటలు మనకు గౌరవం తేవు. చెప్పదలచింది ఇంతే. ఆ కుర్రవాడు పదవ తరగతిలో గణవిభజన చేసినవాడే. ఉత్పలమాలకు భ-ర-న-భ-భ-ర-వ అని గురులఘువులు గుర్తించినవాడే. అదే పని ఇక్కడా చేస్తున్నావని చెప్పగానే అతని ముఖం విప్పారింది. పక్కనే మగ్గం ఉన్న ఊరు కనుక ఇంకొకటి కూడ చెప్పాను. 1804 ప్రాంతంలో జకార్డు అనే ఫ్రెంచివాడు చిల్లుల అట్టలతో మగ్గం నడిపాడు. చిల్లు ఉంటే పడుగు పోగు లేస్తుంది, లేకపోతే లేవదు. ఆ అట్టల వంశంలోనే తొలినాటి కంప్యూటర్ల చిల్లుల కార్డులు పుట్టాయి. తెరమీద అడ్డం, నిలువు అక్షాలు అంటే భయపడనక్కరలేదు. పేక, పడుగు అనుకో అన్నాను.

చివరకు మేమిద్దరం కలిసి తేల్చిన జాబితా ఇది. డ్రాయింగుకు భట్ గారిది, పాత ప్రతి అయినా సరే. ఎలక్ట్రానిక్స్‌కు మెహతాగారిది. డిజిటల్‌కు మానో ఎలాగూ ఉంది. ఈ ఏడాదికి మొదటి మూడు అధ్యాయాలు చాలు. మిల్‌మన్, హోరోవిట్జ్ గ్రంథాలయంలో చూసుకోవాలి, మూడేళ్ళ తరువాత కొనుక్కోవచ్చు. సర్క్యూటు బొమ్మకూ బోర్డుకూ కీక్యాడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు. 1992లో ఫ్రాన్సులో ఒక అధ్యాపకుడు మొదలుపెట్టింది. ఏ కొత్త పుస్తకమైనా కొనేముందు మధ్యలోని రెండు పుటలు బిగ్గరగా చదవాలి. సాధించిన లెక్కను మూసిపెట్టి తాను చేసి చూడాలి. వాక్యవాక్యానికీ ఆగిపోతే అది ఈ ఏటి పుస్తకం కాదు. లోపం తనది కాదు.

ఒక నోటుపుస్తకం కూడ ఇచ్చాను. ఈసారి ఖాళీది. ఇంగ్లీషు మాటను తెలుగు లిపిలో రాసుకొని, దాని ఎదుట తన మాటలలో, వాళ్ళ అమ్మకు చెబుతున్నట్టు, ఒక వాక్యం రాసుకోమన్నాను.

2021లో కేంద్ర సాంకేతిక విద్యామండలి తెలుగులో కూడ ఇంజనీరింగు చెప్పడానికి అనుమతించింది. తరువాత పన్నెండు భారతీయ భాషలలో తొలి ఏడాది పుస్తకాలు తెచ్చే పని చేపట్టింది. సంతోషమే. ఆ పుస్తకాలు రాసేవారికి ఒక ముసలి పండితుని విన్నపం: పదం కల్పించేముందు పాలిటెక్నిక్ ముందరి టీ దుకాణంలోనూ, మరమ్మతు దుకాణంలోనూ ఒక గంట కూర్చొని వినండి. లేకపోతే నా నలభై పుటల నోటుపుస్తకమే మళ్ళీ అచ్చవుతుంది.

మీలో చాలామంది ఇంజనీర్లు. తెలుగు బడిలో చదివి అక్కడికి చేరినవారు. మీకు మొదట అర్థమైన పుస్తకం ఏది? గొప్పదని పేరున్నది కాదు, నిజంగా అర్థమైనది. దాని పేరు, అది మీకు ఎలా దొరికిందో రాస్తే ఆ కుర్రవాడికి చదివి వినిపిస్తాను.